కర్రోడి కాలికి కట్టిన పోగు

మా అత్త తాయారు చేసే పని కూర్చోవడం. ఈ మాట ఆమె చెవిన పడితే ఆ పూట నాకు అక్షింతలు తప్పవు గాని, ఉన్న మాట అదే. పొద్దున్న ఏడింటికి రాట్నం ముందు కూర్చుంటే మళ్ళీ అన్నానికే లేవడం. కుడిచేత్తో రాట్నం తిప్పుతుంది, ఎడమచేతిలోని పత్తి ఏకులోంచి పోగు సాగుతుంది. పొందూరులో నూరో నెంబరు నూలు తీసే ఆడవాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళలో మా అత్త ఒకతె. ఆ పోగు వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే తప్ప కంటికి ఆనదు. చెయ్యి వణికినా, మనసు అటూ ఇటూ పోయినా పుటుక్కున తెగిపోతుంది. నలభై ఏళ్ళుగా ఆమెది ఇదే పని. నేను ఈ ఇంటికి వచ్చాక మా అత్త మనసు అటూ ఇటూ పోగా ఎన్నడూ చూడలేదు, ఇంట్లో ఎన్ని రభసలు జరిగినా.

అలాంటి మనిషి మొన్న దసరా సెలవుల్లో ఐదు రోజులు కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగింది. కారణం మాత్రం మా కుక్క, కర్రోడు.

నా పేరు దుర్గాభవాని. మాది నెల్లిమర్ల, నాన్న జనపమిల్లులో చేసేవారు. నేను ఇక్కడ ఒక ప్రైవేటు బడిలో మూడో తరగతికి పాఠాలు చెబుతాను. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చి పదకొండేళ్ళు. కర్రోడు వచ్చి పదమూడేళ్ళు. అంటే ఇంట్లో నాకంటే వాడు సీనియరు, ఆ సంగతి అత్త నాకు ఎన్నిసార్లు గుర్తు చేసిందో లెక్కలేదు. కర్రి అంటే మా వైపు నలుపు. మా మావయ్య జగన్నాధం ఎచ్చెర్ల నుంచి సైకిలు మీద వస్తూ రోడ్డు పక్కన కనిపించిన నల్లటి కుక్కపిల్లను సంచిలో వేసుకుని తెచ్చాడట, అంతకంటే మంచి పేరు ఆయనకు తట్టలేదు.

నాకు కుక్కలంటే మొదటినుంచీ పడదు. ఆ వెంట్రుకలూ, ఆ వాసనా, చుట్టాలొచ్చినప్పుడు చీరకుచ్చిళ్ళ దగ్గర మూతి పెట్టడం. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు అంటారే, మా ఇంట్లో దుత్త పని కర్రోడిది. ఆమెను అనలేని మాటలన్నీ వాడిని అనేదాన్ని. ‘ఏం రా, పొద్దుటినుంచీ ఒకచోట కూలబడి కూర్చోకపోతే ఆ బకెట్టు ఇటు జరపకూడదూ’ అని. వాడు తోక ఆడించేవాడు, ఆమె రాట్నం ఆపేది కాదు. మా ముగ్గురికీ అది అలవాటైపోయింది.

అత్తకు మాత్రం వాడు ఇంట్లో మనిషే. పత్తి దువ్వడానికి మా ఊళ్ళో వాలుగ చేప దవడ ఎముక వాడతారు, దాని పళ్ళు దువ్వెన కంటే సన్నం. కుక్క ఉన్న ఇంట్లో చేప ఎముకతో పని ఎలా సాగుతుందని కొత్తలో నేను నవ్వాను. సాగింది. దవడ నేల మీద వదిలేసి అత్త ఊరెళ్ళినా వాడు వాసన కూడా చూసేవాడు కాడు. పిల్లి వస్తే మాత్రం వీధి చివరిదాకా తరిమి వచ్చేవాడు.

సెలవులిచ్చిన మర్నాడు మా ఆయన త్రినాథ్ వాడిని ఆటోలో పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాడు, అత్తా నేనూ వెంట వెళ్ళాం. పది రోజులుగా అన్నం ముట్టడం లేదు, నీళ్ళు మాత్రం గిన్నెలు గిన్నెలు తాగుతున్నాడు. డాక్టరు సుహాసిని గారు నెమ్మదస్తురాలు. వాడి నోరు తెరిచి చూసింది, పొట్ట నొక్కింది, రక్తం తీసి పరీక్ష చేయించింది.

“కిడ్నీలు పోయాయమ్మా. ఈ వయసులో మందులకు కోలుకోవు. నీళ్ళు ఎంత తాగితే అంత తాగనివ్వండి, మాటిమాటికీ బయటికి వదలండి. బాధ ఎక్కువైతే చెప్పండి, ఇంజక్షను ఇస్తాను. నిద్రలోనే పోతాడు” అంది.

“మా ఇంట్లో మనిసికి సూదేయించి సంపుకుంటామేటమ్మా?” అంది అత్త.

డాక్టరమ్మ నొచ్చుకోలేదు. “ఆలోచించుకోండి. ఫోన్ చేస్తే ఇంటికే వస్తాను” అని నెంబరు నాకిచ్చింది.

ఆ రోజు నుంచి ఇంట్లో ఎవరికీ కూర్చున్న చోట కూర్చోబుద్ధి కాలేదు. ముందు కర్రోడికే. మంచం కింద పడుకుంటాడు, లేస్తాడు, నూతి చప్టా దగ్గరికి వెళ్తాడు, అక్కడా నచ్చదు, స్నానాలగది గుమ్మంలో పడుకుంటాడు, మళ్ళీ లేస్తాడు. వాడి వెనకాల నీళ్ళగిన్నె పట్టుకుని అత్త. ఆమె వెనకాల ‘కాస్త కూర్చో అత్తా, నీ మోకాళ్ళు పట్టేస్తాయి’ అంటూ నేను. మధ్యమధ్య ఆమె రాట్నం ముందు కూర్చునేది. నాలుగు తిప్పులు తిప్పేది, పోగు తెగేది. అతికేది, మళ్ళీ తెగేది. ‘థూ’ అని లేచిపోయేది. నలభై ఏళ్ళ చెయ్యి కొత్తగా నేర్చుకునే పిల్ల చెయ్యి అయిపోయింది.

మూడో రోజు పొద్దున్న చూస్తే కర్రోడు లేడు. గేటు వేసే ఉంది, ఎలా దూరాడో తెలియదు. అత్త చెప్పుల్లేకుండా వీధిలో పడి ‘కర్రోడా, ఒరే కర్రోడా’ అని అరుస్తూ పోయింది. వీధి చివర రోడ్డు దాటితే దాలయ్య గోగు చేను. గోగు అప్పటికి కోతకొచ్చి మనిషెత్తున ఉంది. ఆ చేలోంచి కదలిక కనిపించింది. రెండు కేకలకు వాడు బయటికి వచ్చాడు. వస్తూ వస్తూ రెండుసార్లు వెనక కాళ్ళు మడతపడి కూలబడ్డాడు, మళ్ళీ లేచాడు. తోక ఊపడానికి కూడా ప్రయత్నం చేశాడు.

“నా సేనే దొరికిందేటి మీ కుక్కకి?” అన్నాడు దాలయ్య గట్టు మీంచి. తర్వాత వాడి నడక చూసి గట్టు దిగి వచ్చాడు. నేనూ దాలయ్యా కలిసి వాడిని గోనెపట్టాలో ఇంటికి మోశాం.

మర్నాడు మళ్ళీ అదే. మళ్ళీ గోగు చేనే, మళ్ళీ కేకే, మళ్ళీ వాడు పడుతూ లేస్తూ రావడమే.

ఆ సాయంత్రం త్రినాథ్ చెప్పాడు. “కుక్కలంతేనమ్మా. ఆకరి రోజులొస్తే ఇల్లొదిలేసి ఎలిపోతాయి. ఎవలికీ కనపడకుండా ఓ మూల సూసుకుంటాయి. ఆడ్ని ఒగ్గియ్.”

“ఒగ్గను” అంది అత్త.

“మరెలగ? సూది వద్దంటావు, ఒగ్గనంటావు.”

“నా కళ్ళ ముందర పోవాల. నా సెయ్యి మీద పోవాల. రోడ్డు మీదా, సేలోనా దిక్కునేకుండా పోతాడేటి? మీ నాన్న ఎలగెల్నాడో మర్సిపోనావేటి?”

త్రినాథ్ తల దించుకున్నాడు. మా ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు. కరోనా రెండో ఏడు మావయ్య ఊపిరందక శ్రీకాకుళం ఆసుపత్రికి వెళ్ళాడు. తన కాళ్ళ మీద తనే నడిచి అంబులెన్సు ఎక్కాడు. వారం తిరిగేసరికి ఫోన్ వచ్చింది. అప్పటి నియమాలవి, కడసారి చూపు కూడా దక్కలేదు మాకు.

“రెండ్రోజుల్లో ఒచ్చెత్తాను, నువ్వు పని సూసుకో అన్నాడే” అంది అత్త నాతో. “సూసుకున్నాను. ఏడు రోజులూ రాట్నం కాడే కూకున్నాను నాను. ఆయనక్కడ పోతంటే నానిక్కడ నూలు తీత్తన్నాను.”

నేను వంటింట్లోకి వెళ్ళి ఊరికే గిన్నెలు సర్దాను.

ఐదో రోజు పొద్దున్న నేను గేదెల పలుపు తాడు ఒకటి అడిగి తెచ్చాను, వాకిట్లో స్తంభానికి కట్టేస్తే పోడు కదా అని. ‘ఆడి మెడకి తాడేత్తావేటే?’ అని అత్త నా చేతిలోంచి లాక్కుని విసిరేసింది. పదమూడేళ్ళలో వాడి మెడ గొలుసు గాని తాడు గాని ఎరగదు, నిజమే. ఆమె తన బుట్టలోంచి నూలు తీసింది. ఒంటి పోగు. ఒక కొస వాడి ముందుకాలికి వదులుగా ముడి వేసింది, రెండో కొస రాట్నం పీటకు కట్టింది.

నాకు నవ్వొచ్చింది. “అత్తా, దానికి ఈగ కూడా ఆగదు.”

“ఆగుతాడు సూడు” అంది.

ఎందుకు ఆగుతాడో అప్పుడు నాకూ గుర్తొచ్చింది. కర్రోడు పిల్లప్పుడు వాకిట్లో చిలపలుగా చుట్టి ఆరేసిన నూల్లోంచి పరిగెత్తి వారం రోజుల పని చిక్కు చేశాడట. అత్త కొట్టలేదు. వాడిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆ చిక్కంతా ఒక్కొక్క పోగే విడదీసింది. రెండు పూటలు పట్టిందట. వాడు లేవబోయినప్పుడల్లా వేలు చూపించి ‘నూలు’ అనేదట. అంతే. ఆ తర్వాత నేల మీద దారం కనిపిస్తే వాడు కాలు పెట్టేవాడు కాడు. చుట్టూ తిరిగి పోయేవాడు. దారి లేకపోతే ఎవరో ఒకరు వచ్చి తీసేదాకా నిలబడేవాడు. వీధిలోవాళ్ళు గుమ్మానికి అడ్డంగా పోగు కట్టి వేడుక చూసేవారు. నేను కూడా వాడు వంటింట్లోకి రాకుండా ఒకసారి కట్టాను, బాగా పనిచేసింది.

ఇప్పుడూ పనిచేసింది. కర్రోడు కాలి వంక చూసుకున్నాడు, పోగు వంక చూశాడు, రాట్నం పక్కన ఒళ్ళు కుదించుకుని పడుకున్నాడు. అత్త కూర్చుంది. రాట్నం తిరిగింది. పోగు తెగలేదు. గంట, రెండు గంటలు, మూడు గంటలు. నాలుగు రోజుల తర్వాత ఇంట్లో ఆ చప్పుడు వినబడుతుంటే నా ప్రాణానికి హాయిగా ఉంది.

“సూసేవా?” అంది అత్త, మొహం వెలిగిపోతూ. “ఆడికి ఎలిపోవాలని నేదే. తోడు కావాల, అంతే. నానే దగ్గిర కూకోకుండా తిరుగుతన్నాను, ఆడూ తిరుగుతన్నాడు.”

డాక్టరమ్మ చెప్పిందని గిన్నె ఖాళీ అయినప్పుడల్లా నీళ్ళు నింపేది. వాడు తాగేవాడు.

మధ్యాహ్నం రెండింటికి అన్నాలు తిన్నాక నేను గమనించాను. వాడు పడుకోవడం లేదు. పడుకున్నట్టు ఉన్నాడు గాని వెనక తొడలు వణుకుతున్నాయి. కట్టని కాలు ఎత్తుతాడు, గాలిలో ఉంచుతాడు, దించుతాడు. గుమ్మం వంక చూస్తాడు. పోగు వంక చూస్తాడు. అత్త వంక చూస్తాడు. ఆమె కళ్ళు కదురు మీద ఉన్నాయి. పొద్దున్న ఎనిమిదింటి నుంచి వాడు బయటికి వెళ్ళలేదని అప్పుడు నాకు తట్టింది. ఎన్ని గిన్నెల నీళ్ళు తాగాడు! పదమూడేళ్ళలో ఒక్కసారి కూడా ఇంట్లో తడి చేసినవాడు కాడు, నేను ఎన్ని తిట్లు తిట్టినా ఆ ఒక్క తిట్టు తిట్టే అవకాశం ఇవ్వలేదు.

నాకు తెలిసి కూడా నేను లేవలేదు. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది. రాట్నం తిరుగుతోంది, అత్త మొహంలో శాంతం ఉంది, నాలుగు రోజుల రణగొణ తర్వాత ఇల్లు ఇల్లులా ఉంది. ఇప్పుడు చెబితే మళ్ళీ మొదలు. ఇంకాసేపు చూద్దాం, ఆమే చూసుకుంటుంది అనుకుని బియ్యం చేటలో పోసుకుని కూర్చున్నాను. రాళ్ళు ఏరుతూనే ఉన్నాను. ఒక్క రాయీ కనిపించడం లేదు. మళ్ళీ మొదటినుంచి ఏరుతున్నాను.

నాలుగు కావస్తుండగా చప్పుడు వినబడింది. సన్నగా, నేల మీద. వాడు పడుకున్న చోటే తడి పాకింది, రాట్నం పీట దాకా వచ్చింది. వాడు చప్పున తల తిప్పేసి మూతిని గోడకు ఆనించుకున్నాడు. ఎవరూ కొట్టలేదు, ఎవరూ ఏమీ అనలేదు. వాడే తల తిప్పేసుకున్నాడు.

చేట పక్కన పెట్టి లేచాను. “అత్తా, వాడికి పోవాలని లేకపోవడం కాదు. నువ్వు నూలు కట్టావు. నూలు తెంపకూడదని కూర్చున్నాడు. రెండింటినుంచి చూస్తున్నాను నేను, వణికిపోతున్నాడు.”

అత్త చెయ్యి ఆగింది. తడి చూసింది, గోడ వైపు తిరిగిన తలను చూసింది. నన్ను చూసింది. రెండింటినుంచి చూస్తూ ఎందుకు ఊరుకున్నావని అడుగుతుందనుకున్నాను. అడగలేదు, అడిగినా బాగుండేది.

“ఓలమ్మ! ఏటి సేసేన్రా నాయినా” అంది. తడిలోనే కూలబడింది. కాలి ముడి విప్పబోయింది గాని వేళ్ళు ఆడలేదు. మా ఇంట్లో నూలును ఎవరూ కావాలని తెంపరు. తెగితే అతకడమే తెలుసు. అత్త వంగి ఆ పోగును పళ్ళతో కొరికేసింది.

కర్రోడు కదలలేదు. వాడికి అర్థం కాలేదు. అప్పుడు అత్త తెగిన పోగంతా గుప్పిట్లోకి చుట్టుకుని, ఆ గుప్పిట వాడి మొహం ముందు పెట్టి చూపించింది. “నేదురా. నూలు నేదు. సూడు. ఎల్లు.”

వాడు లేవడానికి చాలాసేపు పట్టింది. నేను పొట్ట కింద చెయ్యి వేసి లేపాను. పదకొండేళ్ళలో వాడిని నేనుగా ముట్టుకోవడం అది రెండోసారో మూడోసారో. లోపల ఎముకలు తప్ప ఏమీ లేవు. గేటు బార్లా తెరిచాను. వాడు వెనక్కి చూడకుండా వీధిలోకి నడిచాడు.

మేమిద్దరం ఇరవై అడుగులు వెనకగా నడిచాం. వీధిలో వాళ్ళు ‘ఏటైనాది తాయారూ’ అని అడుగుతున్నారు, అత్త చెయ్యి ఊపి సాగిపోతోంది. వాడు ఆగితే మేమూ ఆగాం. రోడ్డు దగ్గర నేను ముందుకు పరిగెత్తి లారీని ఆపాను, డ్రైవరు ఏదో తిట్టాడు, నేను అంతకంటే పెద్దగా తిట్టాను. వాడు నింపాదిగా రోడ్డు దాటాడు, దాలయ్య గట్టు ఎక్కాడు, గోగు చేలోకి వెళ్ళాడు.

“డాట్రమ్మకి ఫోన్ కొట్టు” అంది అత్త. “ఆడు బాద పడకూడదు. నాను తప్పు మాటాడేనని సెప్పు.”

ఫోన్ చేశాను. సుహాసిని గారు పక్క ఊళ్ళో గేదె ఈనుతోంటే అక్కడ ఉన్నారు, గంటలో వస్తానన్నారు. ఆమె వచ్చేసరికి చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. త్రినాథ్ వచ్చి లోపలికి వెళ్ళి చూసుకున్నాడు, దాలయ్య గునపం తెచ్చిచ్చాడు, ఆ చేలోనే గొయ్యి తీశారు. అదంతా తర్వాత. నాకు మాటిమాటికీ గుర్తొచ్చేది ఆ గంట.

గోగు మొక్కలు కదులుతుంటే వాడు ఎక్కడున్నాడో తెలుస్తోంది. కొంచెం దూరం కదిలాయి, ఆగాయి. మళ్ళీ కదిలాయి. అత్త గట్టు మీద ఇటు పది అడుగులు, అటు పది అడుగులు తిరుగుతోంది. చెంగు నోట్లో కుక్కుకుంది. ఒకసారి చేలోకి ఒక కాలు పెట్టి, మళ్ళీ వెనక్కి తీసేసింది. మొక్కలు ఆగిపోయాయి. ఈసారి చాలాసేపు కదల్లేదు.

ఇంక నావల్ల కాలేదు. వాడిని ఇన్నేళ్ళూ నేను పేరుపెట్టి ముద్దుగా పిలిచిన పాపాన పోలేదు, ఇప్పుడు ఆ పేరు గొంతులోకి తన్నుకొచ్చింది. ఒక్కసారి పిలిస్తే, ఒక్కసారి ఆ నల్లటి మూతి కనిపిస్తే. గట్టు మీద నిలబడి నోరు తెరిచాను.

అత్త ఒక్క అంగలో వచ్చి తన అరచేత్తో నా నోరు మూసేసింది.

“పిలవకే భవానీ” అంది. “పిలిస్తే ఒచ్చెత్తాడు.”